సుద్ద గుర్తు లేని పెట్టె

సికింద్రాబాద్‌లో మా నాన్న గుడ్డపెట్టెలు చేసేవాడు. గోనెగుడ్డను సరేసు జిగురులో ముంచి, పొర మీద పొర అచ్చుపై పరిచి ఆరబెడితే అది చెక్కలా గట్టిపడేది. వానాకాలమే దానికి శత్రువు. పైకి నున్నగానే కనిపిస్తుంది, లోపల తేమకు పొరలు విడిపోతాయి. అందుకే ఆయన పొరలన్నిటినీ కలిపి, మైనం పట్టించిన దారంతో అంచుల వెంట కుట్టేవాడు. తర్వాత వేలి కణుపుతో అంతటా తట్టేవాడు. బోలుగా మోగిన చోట మళ్లీ కుట్టందే, ఎంత బతిమాలినా అమ్మేవాడు కాదు. ఆ మొండితనానికి అమ్మకు ఒళ్లు మండేది.

నలభై ఎనిమిదిలో, భారత యూనియన్ సైన్యం వస్తోందన్న మాట పుట్టిన వానాకాలంలో, పెట్టెల కోసం జనం ఎగబడ్డారు. ఎక్కడికి వెళ్తున్నారో ఒక్కరూ చెప్పలేదు. పక్కింటి దర్జీకి చేసిన పెట్టె బోలుగా మోగింది.

"లోపల పొర ఇడిసింది భాయ్. కుట్లేసి రేపు ఇస్తా," అన్నాడు నాన్న.

"రేపటిదాంక ఉంటనో లేనో. గిట్లనే ఇయ్యి," అన్నాడు దర్జీ.

నాన్న దాన్ని అలాగే ఇచ్చేశాడు. అప్పుడే నాకు మొదటిసారి భయం వేసింది.

మర్నాడు ఆయన ఇంకో పెట్టె కుడుతూ కూర్చున్నాడు. కుట్టు పక్కనే కుట్టు, ఎన్నడూ లేనంత దగ్గరగా వేస్తున్నాడు. పని మొదలుపెట్టగానే మూత లోపల సుద్దతో గిరాకీ పేరు రాసుకోవడం ఆయన అలవాటు. ఈ మూత లోపల ఏమీ లేదు.

"ఇది ఎవరిది అబ్బాజాన్?" అన్నాను.

ఆయన దారం బిగించి లాగాడు.

"నీ బట్టలు తీస్కరా బిడ్డా. దీంట్ల పడ్తయో లేదో చూద్దాం."