చల్లగదిలో ఆపా

మొన్న పొద్దున తుర్కయాంజాల్ దగ్గర షేర్ ఆటోలో ఉండగా ఫోన్ వచ్చింది. మా ల్యాబుకు పెద్ద, మేమంతా అక్క అనే అర్థంలో ఆపా అని పిలుచుకునే ఆమె, దవాఖానలో కన్నుమూశారట. దిగాల్సిన చోట దిగడం మరిచిపోయాను.

ఇబ్రహీంపట్నం దాటాక, ప్లాట్ల వెంచర్ల మధ్య ఉన్న చిన్న కంపెనీ మాది. మనిషి జన్యువును బ్యాక్టీరియాలో పెట్టి, కణాలను పెరగమని చెప్పే ప్రోటీన్‌ను తయారు చేయిస్తాం. కాలిన గాయాలు ఎలా మానతాయో పరిశోధించేవాళ్లు దాన్ని చర్మకణాలకు వేసి చూస్తారు. మా ఇంట్లో బడికి పోయిన మొదటిదాన్ని నేను. ఇదంతా బాపుకు ఎలా చెప్పాలో తెలియక "కంపెనీల పని" అని ఊరుకునేదాన్ని.

బ్యాక్టీరియా ఆ ప్రోటీన్‌ను ఉండలుగా చుట్టిపెడుతుంది. అలా ఉంటే పనికిరాదు. ఉండలను కరిగించి, చల్లగదిలో చుక్కచుక్కగా వేరే ద్రావణంలోకి వదిలి పలచన చేస్తే తప్ప ప్రోటీన్ తన అసలు ఆకారంలోకి మడత పడదు. చుక్కలు వేసే పనిని యంత్రానికి వదిలేసి రావచ్చు. ఆపా వదిలేవారు కాదు. స్వెటరు, మంకీ క్యాప్ వేసుకుని స్టూలు మీద కూర్చునేవారు.

"ఊటీకి పోతున్నరా ఆపా?" అని ఏడిపించేవాళ్లం.

"అవ్ బిడ్డా. టికెట్ కంపెనీదే."

నన్ను పక్కన కూర్చోబెట్టుకుని నేర్పారు. "తొందరపెడితే మళ్ల ఉండ చుట్టుకుంటది. దానికి జర టైం ఇయ్యి" అనేవారు. ఇంగ్లిష్ పుస్తకం అర్థంకాక నేను తల వంచుకున్నప్పుడూ అదే మాట. ఆమె జబ్బుపడ్డప్పటి నుంచి ఆ స్టూలు మీద నేనే కూర్చుంటున్నాను.

అంతకు చాలా ముందు, శిక్షణ చివర్లో నేను చేసే మొదటి బ్యాచ్ మీదే నా ఉద్యోగం ఆధారపడి ఉండింది. అది పోతే మన్నెగూడలో మేనమామ బట్టల దుకాణానికి పంపాలని ఇంట్లో అనుకున్నారు. ఆ వారం ఆపా సెలవులో ఉన్నారు. సరుకు త్వరగా పంపాలని మేనేజరు చుక్కలను ధార చేయించాడు. జెల్ పరీక్షలో ప్రోటీన్ శుభ్రంగానే కనిపించింది. పరీక్షకు కణాలకు వేస్తే మాత్రం అవి పెరగలేదు.

ఆపా రాగానే మేనేజరు అన్నాడు: "జెల్ మీద ఒక్కటే గీత ఉన్నది ఆపా. ఇంత సాఫ్ సరుకు. పంపేద్దాం."

"సాఫ్‌గనే ఉన్నది, మడత సరిగ పడక పని చేస్తలేదు. తీసుకున్నోళ్లు నెలలకు నెలలు వాళ్ల కణాలల్లనే తప్పు దేవులాడుకుంటరు."

"మరి ఈ పిల్లను ఎట్ల పెట్టుకుందాం?"

"తొందర నీది. పిల్లనెందుకు అంటవ్? ఆమెతోనే మళ్ల చేపిస్త. గప్పుడు చెప్పు."

ఈసారి ఆపా నా పక్కనే కూర్చున్నారు. దేన్నీ ముట్టుకోలేదు. చలికి నేను ముడుచుకుంటే తన శాలువా నా భుజాల మీద వేశారు. ఆ ప్రోటీన్‌ను కణాలకు వేసిన కొన్నాళ్లకు నన్ను మైక్రోస్కోపు దగ్గరికి పిలిచారు. పళ్లెమంతా కణాలు పరుచుకుని ఉన్నాయి. నా ఉద్యోగం నిలిచింది.

"రేపు మీ బాపును తోల్కరా" అన్నారు.

మార్కెట్‌లో హమాలీ చేసే మా బాపు చెప్పులతో పాటు తలగుడ్డ కూడా విప్పి లోపలికి వచ్చాడు. ఒక కన్ను మూసి వంగాడు.

"ఏం కనవడ్తలేదు."

"జర ఆగు అన్నా." ఆపా మైక్రోస్కోపు మర నెమ్మదిగా తిప్పారు.

"అగో, వరి నాటేసినట్టు ఉన్నయ్. గివన్ని మా బిడ్డ పెంచిందా?"

"అవ్. ఆమె చేసిన ప్రోటీన్‌తోనే పెరిగినయ్."

బాపు కన్ను తీయలేదు. పళ్లెం ఆ చివర కూడా అతనికి కనిపించాలని, ఆపా పక్కన నిలబడి దాన్ని కొద్దికొద్దిగా జరుపుతూ ఉన్నారు.