ఆస్ట్రేలియాలో ఒక స్పెయిన్: న్యూ నార్సియాలో మా ఒక్కపొద్దు

స్పెయిన్ చూపిస్తానని మా బావ నాకు పెళ్లికి ముందే మాట ఇచ్చాడు. కడపలో ఎమ్మే చరిత్ర చదివేటప్పుడు పాఠ్యపుస్తకంలో కోర్డోబా మసీదు బొమ్మ చూశాను. ఆ ఎర్రచారల కమాన్ల కింద ఒక్కసారైనా నిలబడాలని అప్పుడే పిచ్చి పట్టింది. మేనమామ కొడుకే కాబట్టి మస్తాన్ వలి బావకు నా పిచ్చి ముందే తెలుసు. "నన్ను చేసుకో, స్పెయిన్‌కు పిల్చుకపోతా" అన్నాడు. చేసుకున్నాను. పిల్చుకపోయింది మాత్రం ఆస్ట్రేలియాలోని పెర్త్‌కి. అదీ 1999లో, కొత్త సంవత్సరం రాగానే ప్రపంచంలో కంప్యూటర్లన్నీ కుప్పకూలిపోతాయని అందరూ వణుకుతున్న ఏడాదిలో.

బావ పనే ఆ కంప్యూటర్లు కూలకుండా చూడడం. పాత ప్రోగ్రాముల్లో సంవత్సరాన్ని రెండంకెలతో రాసిన చోటల్లా వెతికి సరిచేయాలి. నడుముకు ఎప్పుడూ ఒక పేజర్ ఉండేది. అది కుయ్ మంటే నోట్లో ముద్ద నోట్లోనే, మనిషి ఆఫీసులో. ఎనిమిది నెలల్లో నేను చూసిన ఆస్ట్రేలియా అంతా కలిపి విక్టోరియా పార్కులో మా ఫ్లాటు, దాని కింద బస్‌స్టాపు, ఆ బస్సు పోయే షాపింగ్ సెంటరు. రోట్‌నెస్ట్ దీవికి టికెట్లు కొని రెండుసార్లు పారేసుకున్నాం. ఇంతలో రంజాన్ నెల వచ్చింది. తెల్లవారుజామున సహరి భోజనానికి ఒక్కదాన్నే లేస్తున్నా, సాయంత్రం ఇఫ్తారుకు గోడకెదురుగా ఒక్కదాన్నే కూర్చుంటున్నా. ఒకరోజు ఏడుపొచ్చి ఖర్జూరం గొంతు దిగలేదు. బావ ఇంటికి రాగానే చెప్పేశాను. "పండక్కి నేను కడపకు పోతాండా. టికెట్ బుక్ చేసేసినా. మళ్లీ వచ్చేదీ రానిదీ ఆడికి పోయినాక ఆలోచిస్తా."

బావ ఆఫీసు బ్యాగులో ఏదో వెతికాడు. చివరికి, "ఒక్క శనివారం నాకియ్యి. స్పెయిన్ చూపిస్తా" అన్నాడు. ఎగతాళి చేస్తున్నాడనుకుని ఒళ్లు మండింది నాకు. కానీ ఆయన చేతిలో పేపర్ కత్తిరింపు ఉంది. పెర్త్‌కి ఉత్తరాన స్పెయిన్ సన్యాసులు కట్టుకున్న ఊరు ఒకటుందని అందులో రాశారు. సరే, చూద్దాం అనుకున్నా. ఆఫీసులో గట్టిగా అడిగి ఆ శనివారం సెలవు రాయించుకున్నాడు, అయినా పేజర్ మాత్రం వదలడట. ఆకాశం విరిగి మీద పడినా ఈ ప్రయాణం చేసి తీరాలని నేను పంతం పట్టాను. అదీ కుదరకపోతే నా సూట్‌కేసు ఎలాగూ మంచం కిందే ఉంది.

ఆ శనివారం పొద్దున ఏడుకు బావ రాత్రి షిఫ్టు నుంచి వచ్చాడు. ఎనిమిదికల్లా నేను స్టీరింగ్ ముందున్నాను. మూడో ప్రయత్నంలో వచ్చిన నా లైసెన్సుకు అప్పటికి నెల కూడా నిండలేదు, కొత్త డ్రైవరని తెలియడానికి కారు ముందూ వెనకా ఎర్రటి 'పి' అక్షరం వేలాడుతోంది. దారి సులువే: మిడ్‌లాండ్ దాకా వచ్చి గ్రేట్ నార్తర్న్ హైవే పట్టుకుంటే బుల్స్‌బ్రుక్, బిండూన్ మీదుగా నేరుగా ఊరి నడుమనే దించుతుంది. నూటముప్పై కిలోమీటర్లుంటుంది, గంటా నలభై నిమిషాల ప్రయాణం. మాకు రెండు గంటలు పట్టింది, ఎందుకంటే వెనకాల మూడు డబ్బాల లారీ ఒకటి పడినప్పుడల్లా నేను పక్కకు తీసి దాన్ని పోనిచ్చాను. బావ ఒక కన్ను మూసి ఇంకో కంటితో రోడ్డు చూస్తూ, "మెల్లగా, మెల్లగా" అంటూనే ఉన్నాడు. "నిద్రపోతాండావా, డ్రైవింగ్ నేర్పుతాండావా? ఏదో ఒకటి చెయ్యి బావా" అన్నాక రెండో కన్నూ మూశాడు. అప్పట్లో పెట్రోలు లీటరు డాలరు లోపే. బిండూన్‌లో ట్యాంకు నింపుకున్నాను, మీరూ అక్కడే నింపుకోండి.

బిండూన్ దాటాక కొండలు, కొండలు దిగాక కోసేసిన గోధుమ చేలు. ఎటు చూసినా కడప ఎండాకాలంలా పచ్చగడ్డి పరక లేదు. అట్లాంటి చోట ఉన్నట్టుండి ఒక మలుపులో పెద్ద పెద్ద కట్టడాలు లేచాయి. ఒక బడి భవనం నెత్తిన సన్నటి బురుజులు, వాటి మీద గుండ్రటి టోపీలు. "బావా, లెయ్! మినార్లు!" అని అరిచాను. ఉలిక్కిపడి లేచిన బావ చెయ్యి ముందు పేజర్ మీదికే పోయింది. పేజర్ తెర మీద సిగ్నల్ లేదన్న గుర్తు ఉంది. అప్పుడు చూశాను ఆయన మొహం. మినార్ల వైపు కన్నెత్తి కూడా చూడలేదు.

ఈ ఊరి సంగతి రెండు మాటల్లో చెప్తాను. నూటయాభై ఏళ్ల కిందట స్పెయిన్ నుంచి వచ్చిన సన్యాసులు, అక్కడి ఆదివాసుల నేల మీద, వాళ్ల చేతుల సాయంతోనే ఈ మఠం కట్టారు. ఇప్పటికీ ఊరంతా మఠానిదే. మ్యూజియంలో టికెట్టు కొంటే పక్కనే స్పెయిన్, ఇటలీ చిత్రాల గ్యాలరీ కూడా చూడొచ్చు. ఊరంతా నడిపించి చూపే గైడ్ నడక పొద్దున ఒకటి, మధ్యాహ్నం ఒకటి ఉంటుంది. మేము పొద్దున నడకనే అందుకున్నాం. మూసిన బడుల లోపలి ప్రార్థన మందిరాలు ఈ నడకలో తప్ప చూడలేరు. గోడల నిండా, కప్పు నిండా రంగుల బొమ్మలు. మా గైడ్ తెల్లజుట్టు పెద్దావిడ. ఎండకు ఎర్రబడిన నా మొహం చూసి నీళ్ల సీసా అందించింది. ఉపవాసమని చెప్పాను. "ఈ ఎండలోనా, లవ్? నీళ్లు కూడా తాగకుండానా?" అంది. లవ్ అంటే అక్కడ మన 'అమ్మా' అన్నట్టే. ఆ తర్వాత ప్రతి నీడలోనూ మా కోసం ఆగింది. ఈగల సంగతి కూడా చెప్పాలి. పడమటి ఆస్ట్రేలియా ఈగలకు మొహమాటం లేదు, తిన్నగా నోట్లోకే వస్తాయి. ఈగ పొరపాటున లోపలికి పోతే ఒక్కపొద్దు చెడుతుందా అని బావ నన్ను సీరియస్‌గా అడిగాడు. ఆఫీసు తప్ప ఇంకో విషయం మాట్లాడింది పొద్దుట్నుంచి అదొక్కటే.

రొట్టెల సంగతి ఇంకో పరీక్ష. మఠంలో కట్టెల పొయ్యిలో కాల్చిన రొట్టె మ్యూజియం దుకాణంలో అమ్ముతారు, గుండ్రంగా, పైన పెళపెళలాడుతూ. ఒకటి కొన్నాను. కారంతా ఆ వాసనే. బావ మెల్లగా మొదలుపెట్టాడు. "ప్రయాణంలో ఉన్నోళ్లకు ఒక్కపొద్దు మినహాయింపు ఉంది కదా?"

"ఉంది. ఒంటె మీద వచ్చింటే ఇచ్చేదాన్ని. గురక పెట్టుకుంటా కారులో వచ్చినోళ్లకు లేదు."

నవ్వుతాడనుకున్నా. నవ్వలేదు. "షమీమ్, ఆఫీసుకు ఒక్క ఫోన్ చేసొస్తా. వాళ్లు నా కోసం వెతుకుతాంటారు" అన్నాడు. పెట్రోలు బంకు పక్కన ఫోన్‌బూతు ఉంది. నాకు తెలుసు, ఆ ఫోన్ చేస్తే గంటలో మేము తిరుగుదారిలో ఉంటాం. రోట్‌నెస్ట్ అట్లనే పోయింది, రెండుసార్లూ. "చెయ్యి. నేను ఆపను. కానీ చేసినాక నాతో ఇంకేం మాట్లాడొద్దు" అన్నాను.  ఆయన జేబులో చిల్లర ఆడిస్తూ అక్కడే నిలబడ్డాడు.

అప్పుడే చర్చి పక్కన ఆలివ్ చెట్ల కింద నల్ల అంగీలో ఒక ముసలి ఫాదర్ నడుచుకుంటూ వచ్చాడు. మమ్మల్ని చూసి ఆగి, ఎక్కడి నుంచని అడిగాడు. ఇండియా అన్నాం. ఆయనది స్పెయిన్ ఉత్తరాన ఒక పల్లెటూరట. కుర్రవాడిగా ఓడెక్కి వచ్చి, యాభై ఏళ్లు దాటినా ఇక్కడే ఉన్నాడు. నాకు ఆనందం పట్టలేదు. జీవితంలో నేను కలిసిన మొదటి స్పెయిన్ మనిషి. "ఫాదర్, కోర్డోబా మసీదు ఎలా ఉంటుంది? ఆ ఎర్రచారల కమాన్లు నిజంగా అంత అందంగా ఉంటాయా?" అని అడిగేశాను.

ఫాదర్ చిన్నగా నవ్వాడు. "నేను చూడలేదమ్మా. మా ఊరి నుంచి రైలుంది. చిన్నప్పుడు పొలం పనులు, తర్వాత చదువు. ఓడ ఎక్కే ముందు మా అమ్మను తీసుకుని వెళ్దామనుకున్నాను. ఆ వేసవిలో పని ఒత్తిడి. ఎక్కడికి పోతుందిలే, మళ్లీ చూద్దాం అనుకున్నాం." ఎండ తగలకుండా కళ్లకు చెయ్యి అడ్డం పెట్టుకుని మా ఇద్దర్నీ చూశాడు. "కోర్డోబా ఎక్కడికీ పోలేదు. మా అమ్మే పోయింది."

ఆయన వెళ్లిపోయాక బావ ఫోన్‌బూతు దాకా నడిచాడు. రిసీవర్ తీశాడు. నేను కారు పక్కన నిలబడి చూస్తున్నా. నాణెం వెయ్యకుండానే పెట్టేశాడు. వెనక్కొచ్చి పేజర్ నడుము నుంచి తీసి కారు ముందరి అరలో పడేసి, "నది ఒడ్డున నడిచే దారి ఉందని రాసినారు కదా, పోదాం పా" అన్నాడు. నాకు ఏడుపొచ్చింది, ఎండకు కళ్లు మండుతున్నాయని చెప్పాను.

నది అంటే పెద్దగా ఊహించుకోకండి, డిసెంబరులో అక్కడక్కడా మడుగులే. కానీ చెట్లుంటాయి, చిలకలుంటాయి, పాత పిండిమర ఉంటుంది. ఆ మధ్యాహ్నమంతా మేము అక్కడే తిరిగాం, ఊళ్లోని పాత హోటల్ వరండాలో కూర్చున్నాం, గడ్డి మీద వాయవ్యం చూసుకుని నమాజు చేసుకున్నాం. సాయంత్రం ఆలివ్ చెట్టు కింద దుప్పటి పరిచి ఖర్జూరాలు, రొట్టె, ఫ్లాస్కులో తెచ్చిన రంజాన్ గంజి సర్దాను. మా కడపలో ఒక్కపొద్దు విడవాలంటే మసీదు సైరను మోగాలి. చేతిలో ఖర్జూరం, చెవి సైరను మీద. చిన్నప్పట్నుంచీ అదే అలవాటు, మోత వినపడగానే చెయ్యి దానంతటదే నోటికి పోతుంది. ఆరున్నరకు మఠంలో ప్రార్థన గంట ఖంగుమని మోగింది. బావ చేతిలో ఖర్జూరం గాల్లోకి లేచింది.

నేను గబుక్కున మణికట్టు పట్టేశాను. "గంట బావా, సైరను కాదు! ఇంకా బారెడు పొద్దుంది!"

పళ్లకు తగులుతున్న ఖర్జూరంతో అట్లే బిగుసుకుపోయి, తర్వాత నవ్వడం మొదలుపెట్టాడు. నవ్వి నవ్వి దుప్పటి మీద పడిపోయాడు. ప్రార్థనకు పోతున్న ఫాదర్ నేను మొగుడి చెయ్యి మెలితిప్పడం చూసి, మేము కొట్టుకుంటున్నామనుకున్నాడేమో, అడుగు వేగం పెంచాడు. దాంతో నేనూ ఆగలేకపోయాను. పెర్త్‌కి వచ్చినాక బావ అట్లా నవ్వడం అదే మొదలు. ఏడుంబావు దాటాక, పెర్త్ మసీదులో ఇచ్చిన ఇఫ్తారు వేళల కాగితం చూసుకుని, ఈసారి సరైన వేళకే ఒక్కపొద్దు విడిచాం. ఆ రొట్టె గంజిలో ముంచుకుని తిన్నాం. రెండు దేశాల వంటలు అంతగా కలుస్తాయని ఎవరైనా చెబితే నమ్మేదాన్ని కాదు.

తిరుగుదారిలో బిండూన్ దగ్గర పేజర్‌కి సిగ్నల్ వచ్చింది. "ఇప్పుడు చేసుకో, ఏమనుకోను" అని నేనే కారాపాను. బంకులో ఫోన్‌బూతు తలుపు తెరిచే ఉంది, నాకు అంతా వినపడుతోంది. షిఫ్టులో ఉన్న గ్రెగ్ ఎత్తాడు. బావ క్షమాపణలు చెప్పుకుంటూ, పేజర్ అందలేదని, ఏమైనా కూలిపోయిందా అని గుక్కతిప్పుకోకుండా అడిగాడు. తర్వాత రిసీవర్ పెట్టేశాడు. కారెక్కి తలుపు వేసుకుని అన్నాడు. "ఏం కాలేదంట. అందరూ పిజ్జా తింటాండారు. 'ఈరోజు నువ్వు సెలవా మేట్? నేను చూసుకోనే లేదే' అన్నాడు." నా వైపు తిరిగి, "ఎనిమిది నెలలు నేను ఎవరి కోసం ముద్ద వదిలి పరిగెత్తినా షమీమ్?" అన్నాడు.  చెయ్యి పట్టుకున్నాను.

జనవరి ఒకటిన కూడా ఏమీ కూలలేదు. తాము పడిన కష్టం వల్లే కూలలేదని బావ ఇప్పటికీ వాదిస్తాడు, నిజమే కావచ్చు. పండక్కి నేను కడపకు వెళ్లాను. టికెట్ రద్దు చెయ్యలేదు, పక్కసీటుకు ఇంకోటి కొన్నాం. వచ్చేటప్పుడూ రెండు సీట్లే. కోర్డోబా చూడడానికి మాకు ఇంకా కొన్నేళ్లు పట్టింది, కానీ చూశాం. ఆ కమాన్ల కింద మేమిద్దరం నిలబడిన ఫోటో ఒకటి న్యూ నార్సియా ఫాదర్‌కి పోస్టు చేశాను. ఇప్పుడు మేం పెర్త్‌లోనే పియారా వాటర్స్‌లో ఉంటున్నాం, ఏడాదికోసారైనా ఆ రొట్టె కోసం పోతాం. స్పెయిన్ ఎంత దూరమని ఎవరైనా అడిగితే గంటా నలభై నిమిషాలని చెప్తాను.

మీకు ఒకే ఒక్క సలహా. ఆ రోజుల్లో అక్కడ పేజర్ అందేది కాదు కాబట్టి మేము బతికిపోయాం, మీ ఫోన్లకు మాత్రం ఇప్పుడు అక్కడా సిగ్నల్ రావచ్చు, నమ్మడానికి లేదు. అందుకని బిండూన్‌లో పెట్రోలు పోయించుకునేటప్పుడే ఫోన్ ఆపేసి కారు అరలో పడెయ్యండి. ఏమీ కూలిపోదు. మేము చూశాం.