కప్పతల్లికి పోసిన నీళ్లు

కుందుర్పిలో మానవవాదం మీద మాట్లాడమని అక్కడి లెక్చరర్ మిత్రుడు పిలిస్తే వెనకాముందు చూడకుండా ఒప్పుకున్నాను. గుంతకల్లులో పొద్దున ఆరింటికి రైలెక్కేసరికే ఆ మాటకు అర్థం నాకెంత తెలుసో అనుమానం మొదలైంది. మనిషిని మనిషిగా చూడటమా? దేవుడి మీద భారం వేయకుండా మన బతుకు మనమే చక్కదిద్దుకోవడమా? కళలూ చదువులూ దేవుళ్ల నుంచి మనుషుల వైపు తిరిగిన ఒకనాటి కదలికా? రాసుకున్న కాగితంలో మూడూ ఉన్నాయి. మూడూ ఒకటేనని మాత్రం నమ్మకం కుదరలేదు.

అనంతపురంలో దిగి, ఉగ్గాని బజ్జీ తిని కళ్యాణదుర్గం బస్సెక్కాను. అక్కడ మళ్లీ కుందుర్పి బస్సు మారాలి. వెళ్లేవాళ్లు నీళ్ల సీసా అక్కడే కొనుక్కోండి, తర్వాత దొరకడం కష్టం. కుందుర్పి బస్సులో నా పక్క సీట్లో తాజుద్దీన్ అనే టైలరు కూర్చున్నాడు. కుందుర్పిలో ఆయనకు అంగడి ఉందట.

"ఏం పని మింద పోతాండారు సార్?" అన్నాడు. చెప్పాను.

"అంటే దేవుడు లేడని చెప్తారా?"

"మనిషి ముఖ్యమని చెప్తాను."

"అట్లయితే నేనూ వస్తా."

పదకొండు దాటాక ఒక పల్లె దగ్గర ఆడవాళ్లు బస్సుకు అడ్డంగా నిలబడ్డారు. ఇద్దరి భుజాల మీద రోకలి, దానికి వేపమండలు, నడుమ గుడ్డలో కట్టిన కప్ప. వానల్లేనప్పుడు ఇలా కప్పతల్లిని ఊరేగించి, ఎదురైన వాళ్లందరితో నీళ్లు పోయిస్తారు. ఇంటింటా అడిగిన పిండితో సంగటి వండి అందరికీ పెడతారు.

ముందు నిలబడినామె పేరు నరసమ్మ. "శనక్కాయ ఊడలు బూమిలోకి దిగి కాయ పట్టే టయిము సారూ. ఈ వారం వాన పడకుంటే పైరు పోయినట్లే. పోయండి," అంది.

తాజుద్దీన్ కిటికీలోంచే పోశాడు. ఆ నీళ్లు వేపమండల మీదే పడ్డాయి. నేను సీసా పట్టుకుని కిందికి దిగి బిగుసుకుపోయాను. పోస్తే మధ్యాహ్నం చెప్పబోయేది అబద్ధమవుతుంది. పోయకపోతే ఈమె ముఖం ఎలా చూడాలి?

"పోయప్పా, బండి కదలల్ల," అన్నాడు కండక్టరు.

అప్పుడు చూశాను, గుడ్డ ఎండిపోయి కప్ప రొప్పుతోంది. సీసా మొత్తం దాని మీద వంపేశాను. నరసమ్మ నాకు చేతులెత్తి దండం పెడితే ఇంకా ఇబ్బందిపడ్డాను.

మధ్యాహ్నం కాలేజీ గదిలో కాగితం చదివాను. చివర తాజుద్దీన్ లేచాడు. "సార్, పొద్దున నీళ్లు పోసినారే, అది దేవునికా, మనిషికా?"

"కప్పకు," అన్నాను. అందరూ నవ్వారు, నేనూ నవ్వాను. కానీ నా కాగితంలో కప్ప లేదు. నిజంగా దాని కోసమే పోశానో, ఆమెకు మొహమాటపడి పోశానో కూడా నాకు తెలియదు.

ఆ రాత్రి మిత్రుడింట్లో పడుకుని, మర్నాడు పొద్దున తిరుగు బస్సెక్కాను. అదే పల్లె దగ్గర బస్సాపి అందరికీ విస్తరాకుల్లో సంగటీ, ఊరిబిండి పచ్చడీ పెడుతున్నారు. ఆకాశంలో మబ్బు తునక లేదు.

"కప్పను వదిలేశారా?" అని నరసమ్మను అడిగాను.

"మా బోరుకాడ తొట్లో వదిల్తిమి. రాత్రి బోరులో నీళ్లు నిలిచిపాయె."

"మరి పైరు?"

"ఇంగేం పైరు సారూ." చేలవైపు చూసింది. "పొద్దున ట్యాంకరు వస్తే ఇంటికి రెండు బిందెలిచ్చినారు. ఒక చెంబు ఆ తొట్లో పోసినా."

"ఇంకా వాన వస్తుందనా?"

"వాన సంగతి నాకేం తెలుసు? దాన్ని పట్టుకొచ్చి కట్టి తిప్పింది మేము గదా. ఇప్పుడు అది యాడికి పోతాది?"

 విస్తరాకు మడిచి బస్సెక్కాను.

గుంతకల్లు రైల్లో కాగితం తీసి, ఆమె మాట ఎక్కడ రాయాలా అని వెతికాను. మూడు అర్థాల్లో దేని పక్కనా కుదరలేదు. స్టేషన్ వస్తే కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాక కూడా తేలలేదు. ఆ చెంబు నీళ్లు ఆమె తాగాల్సినవి.