రామాంజనేయులు లాక్కొన్న ఫైలు

పేరు రామాంజనేయులు. వయస్సు నలభై నాలుగు. స్వస్థలం కదిరి తాలూకా. ప్రస్తుత నివాసం కాడుగోడి. కట్టడాలకు ఇనుప కమ్ములు వంచే పని. ఈ మనవి వ్రాయువానికి పన్నెండేండ్లుగా తెలిసినవాడు. అన్నేండ్లలో అతడు ఒకరిపై చేయెత్తిన దాఖలా లేదు. నిన్న సోమవారం ఇద్దరిని కొట్టాడు. మొదటి దెబ్బ కన్నకూతురికే తగిలింది. దానిని దాచుట న్యాయం కాదు.

జూన్‌లో అతడు హూడి వైపు ఒక ప్రైవేటు ఇంజనీరింగు కళాశాలకు ఫీజు కనుక్కోవడానికి వెళ్ళాడు. ఏడాదికి మూడు లక్షలన్నారు. అయినా సర్కారు సీటు రాకుంటే పిల్ల గతేమిటన్న దిగులుతో, గుమాస్తా అడిగినదే తడవుగా కూతురు భారతి మార్కుల కార్డు, టీసీ అసలు ప్రతులను అప్పగించాడు. పనిచోట గేటు దగ్గర ఆధార్ కార్డు ఇచ్చి లోపలికి పోవడం, సాయంత్రం తిరిగి పుచ్చుకోవడం అతనికి పదేండ్ల అలవాటు. ఇదీ అంతే అనుకొన్నాడు.

తరువాత భారతికి సర్కారు కళాశాలలో సీటు వచ్చింది. గురువారం సాయంత్రం ఐదు గంటలలోగా అసలు ప్రతులు చూపకుంటే అది పోతుంది. హూడి కళాశాల గుమాస్తా చంద్రశేఖర్ మాత్రం, నాలుగేండ్ల ఫీజు కట్టనిదే కాగితాలు ఇచ్చేది లేదన్నాడు.

"ఒరిజినల్ ఎవరైనా ఇస్తారా నాయనా? అదేమన్నా నీ సైటు గేటనుకొంటివా?" అన్నది భారతి, నిన్న ఇంట్లో.

చెంప పగిలేలా కొట్టాడు. పెదవి చిట్లింది. ఆ పిల్ల నెత్తురు తుడుచుకొని, "నన్ను కొడితే కార్డొస్తాదా?" అన్నది.

ఆ మాట అతని వీపు మీద వాత వేసినట్టయింది. కమ్ములు వంచే ఇనుప సాధనం చంకన పెట్టుకొని హూడికి నడిచాడు.

"ఫీజు తెచ్చినావేమప్పా?" అన్నాడు చంద్రశేఖర్.

"కార్డు ఇయ్యి సార్."

"నీ బిడ్డ చదవకుంటే బెంగళూరేం మునిగిపోదు. నీతోపాటు కమ్మి వంచేకి తీసకపో."

కిటికీ అద్దం భళ్ళున పగిలింది. రెండో దెబ్బకు చంద్రశేఖర్ భుజపుటెముక విరిగింది. మూడో దెబ్బకు బీరువా తలుపు ఊడింది. ఫైళ్ళన్నీ కుమ్మరించి కూతురి పేరున్నది పట్టుకొనేసరికి నలుగురు కావలివాళ్ళు లాఠీలతో మీద పడ్డారు. అతడు తిరిగి కొట్టలేదు. ఫైలును పొట్ట కింద పెట్టుకొని బోర్లా పడుకొన్నాడు. వీపు చిట్లినా కదలలేదు. వదిలించడానికి దేవదానం అనే కావలివాడు బూటుకాలితో తొక్కితే కుడిచేతి రెండు వేళ్ళు విరిగాయి; పిడికిలి విడలేదు.

చివరకు పోలీసులు విడిపించారు. దోపిడీ ఫిర్యాదు కనుక ఆ ఫైలును రుజువుగా స్వాధీనం చేసుకొన్నారు. ప్రాణానికి తెగించి తెచ్చినది ఇప్పుడు ఠాణా పెట్టెలో ఉన్నది.

ఆసుపత్రిలో బేడీతో ఉన్న అతడు, "నన్ను ఎన్నాళ్ళైనా పెట్టుకోనీ సామీ. పాపకు కార్డు ఇప్పించు," అన్నాడు.

కావున గౌరవనీయులైన ఇన్‌స్పెక్టరు గారు, నేరవిచారణకు ఏ భంగమూ లేకుండా, నకళ్ళు దాఖలులో ఉంచుకొని, న్యాయస్థానం అనుమతి అవసరమైతే రేపే కోరి, అసలు ప్రతులను గురువారం మధ్యాహ్నంలోగా కుమారి భారతికి ఇప్పించవలసిందిగానూ, మార్కుల కార్డుకు రక్తం అంటినందున ఆ మరకకు కారణం తెలుపుతూ ఠాణా ముద్రతో ఒక లేఖ జతచేయవలసిందిగానూ సవినయంగా ప్రార్థించడమైనది.