కింది పెదవి తెలియని రోజులు

ఫిల్మ్ నగర్‌లో నేను చేసే పని మాట్లాడటం. తెర మీద కనిపించే అమ్మాయిలకు గొంతు ఇస్తాను. మా హీరోయిన్లలో చాలామందికి తెలుగు రాదు. షూటింగ్‌లో పక్కనుంచి ఎవరో అందిస్తుంటే పలికేస్తారు. ఆ తర్వాత కిటికీలు లేని ఒక చిన్న గదిలో, చెవులకు హెడ్‌ఫోన్స్ తగిలించుకుని, ఆమె పెదవులు ఎక్కడ మూసుకుంటే అక్కడ నేనూ పెదవులు మూసి మాట కలపాలి. ప, బ, మ అనే అక్షరాల దగ్గరే మా పని బయటపడుతుంది. మిగతావి కాస్త అటూ ఇటూ అయినా ఎవరూ పట్టుకోరు. తెర మీద పెదవులు కలిసిన చోట నా నుంచి మకారం రాకపోతే మాత్రం చివరి వరసలో కూర్చున్నవాడికి కూడా తెలిసిపోతుంది.

అలాంటి నాకు కుడివైపు కింది దవడలో జ్ఞానదంతం అడ్డంగా వచ్చింది. వచ్చింది అనడం కూడా తప్పేమో. చిగురు కింద పడుకుని ఉండి, ఏడాదికి రెండు మూడుసార్లు నిద్రలేచేది. అప్పుడు చిగురు వాచి, నోరు సగమే తెరుచుకునేది. లవంగం నొక్కిపెట్టుకునేదాన్ని. మందుల షాపులో అడిగి ఏవో మాత్రలు మింగేదాన్ని. తగ్గేది. తగ్గగానే దాన్ని మరిచిపోయేదాన్ని.

మా ఆయనది ఈ ఊరే. నేను కాకినాడ వైపు నుంచి వచ్చినదాన్ని. పెళ్ళయి ఇన్నేళ్ళయినా ఆయన మాట ఆయనదే, నా మాట నాదే.

"ఎన్నిసార్లు జెప్పాలె నీకు? ఊకె గోలీలు మింగుడు కాదు, డాక్టర్‌కు చూపెట్టుకో" అనేవారు.

"ఈ సినిమా అయిపోనీయండి" అనేదాన్ని. ఒక సినిమా అయ్యేలోపు ఇంకోటి వచ్చేది.

చివరికి ఒక పెద్ద సినిమా మధ్యలో పట్టుకుంది. హీరోయిన్ అరిచి ఏడ్చే సన్నివేశం. అరవబోతే దవడ తెరుచుకోదు. రెండుమూడు టేకులు చూశాక, డబ్బింగ్ చూసుకునే పెద్దాయన అద్దం అవతలి నుంచి మైకులో అన్నారు: "ఏడుపు బాగుందమ్మా. కానీ నోట్లో లడ్డూ పెట్టుకుని ఏడుస్తున్నట్టుంది. ఏమైంది?"

చెప్పాను. ఆయన కోప్పడలేదు. మిగతా పాత్రలవి ముందు చేసుకుంటాం, నువ్వు నోరు బాగుచేయించుకుని రా అన్నారు. ఆ సాయంత్రమే మా ఆయన నన్ను జూబ్లీహిల్స్‌లో దవడ ఆపరేషన్లు చేసే డాక్టరమ్మ దగ్గరికి తీసుకువెళ్ళారు. ఎత్తు రోడ్డు మీద, బండరాయిని ఆనుకుని కట్టిన మేడలో క్లినిక్. ఆవిడ వరంగల్ మనిషి. వయసులో నాకంటే చిన్న. మాట నెమ్మది.

వాపు తగ్గడానికి మందులు రాసి, తగ్గాక రమ్మన్నారు. వెళ్ళాక దవడ మొత్తం కనిపించేలా ఎక్స్‌రే తీసి కంప్యూటర్ తెర మీద పెట్టారు. నా పళ్ళు అంత పెద్దగా చూడటం అదే మొదటిసారి. జ్ఞానదంతం ముందున్న దవడ పన్ను మీదికి ఒరిగి, దాన్ని నెడుతూ ఉంది. దాని వేళ్ళ కింద నుంచి, రెండు తెల్లటి గీతల మధ్య నల్లటి దారి ఒకటి పోతోంది.

"గీ దారి చూడండి. కింది పెదవికి, గడ్డానికి పోయే నరం దీంట్లనే ఉంటది. మీ పన్ను వేర్లు సీదా దీని మీదనే కూసున్నయి" అన్నారు డాక్టరమ్మ.

"తగిలితే మాట పోతుందా అండీ?"

"మాట పోదు. పెదవిని కదిలిచ్చే నరం వేరే. ఇది తెలిసే నరం. దీనికి దెబ్బ తగిలితే పెదవి కదులుతది కానీ మీకు తెల్వదు. మొద్దుగ ఉంటది. ఎక్కువమందికి నెలల్ల మళ్ళ వస్తది. కొందరికి పూర్తిగ రాకపోవచ్చు."

నేను ఏం పనిచేస్తానో చెప్పాను. ఆవిడ మళ్ళీ ఎక్స్‌రే వైపు చూశారు. తర్వాత నరం ఎంత దగ్గరగా ఉందో ఇంకా వివరంగా తెలిసే స్కాన్ ఒకటి తీయించమన్నారు. అది చూశాక ఏమేం చేయవచ్చో అన్నీ చెప్పారు. పన్నును అలాగే వదిలేయవచ్చు. కానీ చిగురు మళ్ళీ మళ్ళీ వాస్తుంది. పైగా దాని ముందున్న దవడ పన్ను వెనకవైపు ఇప్పటికే పుచ్చడం మొదలైంది. పన్ను మొత్తం తీయవచ్చు. లేదంటే పైభాగం మాత్రం కోసి తీసేసి, నరం మీదున్న వేళ్ళను ఎముకలోనే వదిలేయవచ్చు.

"వేళ్ళు లోపల ఉండిపోతే ఏం కాదా?"

"చానమందికి ఏం కాదు. కొందరికి తర్వాత చీము పట్టొచ్చు, లేకుంటే వేర్లు పైకి జరగొచ్చు. అప్పుడు ఇంకోసారి తీయాలె. ఇంకో ముచ్చట గూడ చెప్పాలె మీకు. కోస్తున్నప్పుడే వేర్లు కదిలితే ఇగ వాటిని వదలరాదు. ఆ టైమ్‌ల మొత్తం తీయాల్సి వస్తది."

నిజం చెప్పాలంటే అప్పుడు నాకు ఆవిడ మీద కోపమే వచ్చింది. "ఏం కాదమ్మా, చిటికెలో అయిపోతుంది" అనే మాట కోసం వెళ్ళాను నేను. మన దగ్గర డాక్టర్లంటే అలా అనేవాళ్ళే మంచివాళ్ళు. ఈవిడ జరగగల చెడంతా నా ముందు పరిచి, నిర్ణయం నాకే వదిలేస్తోంది. ఇంటికి వస్తూ ఆటోలో మా ఆయనతో అదే అన్నాను.

"జెప్పకుంటే మంచిగుండేదా?" అన్నారాయన. "నీ నోరు, నీ పెదవి. ఆమె ఎట్ల తేలుస్తది? ఇంతకూ ఆమె చేసినోళ్ళల్ల గిట్ల ఎవరికన్న అయిందా అని అడిగినవా?"

అడగలేదు. నాకు తట్టలేదు. మర్నాడు ఫోన్ చేసి మొహమాటపడుతూనే అడిగాను. ఆవిడేమీ నొచ్చుకోలేదు. అయిందని, చాలామందికి స్పర్శ తిరిగి వచ్చిందని, ఒకాయనకు మాత్రం కొంత అలాగే ఉండిపోయిందని చెప్పారు. ఆ జవాబు విన్నాకే నాకు ధైర్యం వచ్చింది. ఉన్నది ఉన్నట్టు చెప్పే మనిషి చేతుల్లో నోరు పెట్టడం నయమనిపించింది. వేళ్ళు వదిలేసే పద్ధతికి ఒప్పుకున్నాను.

ఆపరేషన్ రోజు టిఫిన్ తినే రమ్మన్నారు. మత్తు దవడకు మాత్రమే. మనిషికి మెలకువ ఉంటుంది. "నొప్పి తెల్వదు. గుంజినట్టు, ఒత్తినట్టు తెలుస్తది. మిషన్ సప్పుడు ఎముకలకెల్లి ఇనొస్తది. నొప్పి అనిపిస్తే ఎడమ చెయ్యి లేపండి, నేను ఆపుత" అని ముందే చెప్పారు. సూది వేశాక పెదవి దిండులా ఉబ్బిపోయినట్టనిపించింది. అద్దంలో చూసుకుంటే మామూలుగానే ఉంది. మధ్యలో ఒకసారి చురుక్కుమంటే చెయ్యి లేపాను. ఆవిడ వెంటనే ఆపి ఇంకొంచెం మత్తు ఇచ్చారు. అలా ఆపుతారని తెలియడమే సగం బలం.

కాసేపటికి మిషన్ చప్పుడు ఆగింది. ఆవిడ ముఖం నా ముఖం మీదికి వంగింది.

"అమ్మా, పైభాగం వచ్చింది. కానీ వేర్లు కదులుతున్నయి. మనం అనుకున్నం కదా, వదలరాదు. తీసేస్తున్న. సరేనా?"

నోరు తెరిచే ఉంది, మాట్లాడటానికి లేదు. కళ్ళు మూసి తెరిచాను. ఆవిడకు అది చాలింది. ఆ తర్వాత జరిగినదంతా నాకు చప్పుళ్ళుగానే గుర్తు. కుట్లు వేశాక దూదిగుడ్డ మడిచి గాయం మీద పెట్టి, గట్టిగా కొరికి పట్టుకోమన్నారు.

చేయకూడనివన్నీ ఆవిడ మా ఆయనకు చెప్పారు. ఉమ్మకూడదు, స్ట్రాతో తాగకూడదు. రెండూ గాయం మీద గడ్డకట్టిన రక్తాన్ని లాగేస్తాయి. ఆ గడ్డ ఊడిపోతే లోపలి ఎముక బయటపడి, మూడు నాలుగు రోజుల తర్వాత చెవిదాకా పోటు పెడుతుంది. ఆ రోజు వేడివి వద్దు, బుగ్గ మీద ఐసు పెట్టాలి. మర్నాటి నుంచి ఉప్పు కలిపిన గోరువెచ్చని నీళ్ళు నోట్లో పోసుకుని మెల్లగా వదిలేయాలి, పుక్కిలించకూడదు. వాపు వెంటనే తగ్గదు. రెండు మూడు రోజులు పెరిగి అప్పుడు తగ్గుతుంది. ఇది ముందే తెలియబట్టి, మూడో రోజు అద్దంలో నా బుగ్గ చూసి నేను బెదరలేదు. చూడ్డానికి వచ్చిన మా ఆడపడుచు మాత్రం బెదిరింది.

ఇంత శ్రద్ధగా విన్న మా ఆయన, వాపు ఇంకా తగ్గకముందే టోలిచౌకి నుంచి మటన్ మరగ్ అనే సూప్ పార్సిల్ తెచ్చారు, నమిలే పని లేదు కదా అని. పొగలు కక్కుతోంది, మిరియాల ఘాటు తలుపు దగ్గరికే వచ్చింది. నేను ఆయన వైపు చూశాను. ఆయనే కూర్చుని తాగారు. నాకు చల్లారిన రాగిజావ.

కానీ ఆపరేషన్ రోజు నుంచీ పెదవికి స్పర్శ రాలేదు. మత్తు దిగే వేళకి నాలుక వచ్చింది, బుగ్గ వచ్చింది. కింది పెదవిలో కుడి సగం, దాని కింద గడ్డం మాత్రం రాలేదు. మర్నాడు ఉదయం కూడా అలాగే ఉంటే ఫోన్ చేశాను. వెంటనే రమ్మన్నారు. కళ్ళు మూసుకోమని, దూదిపోగుతో ఒకసారి, మొద్దు సూదితో ఒకసారి తాకుతూ, తెలిసిన చోట చెప్పమన్నారు. తెలియని చోటు చుట్టూ పెన్నుతో గీత గీసి ఫోటో తీసుకున్నారు.

"నరం తెగలే. నేను కండ్లతో చూసిన. ఒత్తుకుంది, అంతే. మందులు ఇస్త. కానీ ఎప్పుడు వస్తదో గ్యారంటీ ఇయ్యలేను. వచ్చేముందు చీమలు పాకినట్టు, సూదులు గుచ్చినట్టు ఉంటది. అప్పుడు భయపడకండి, అది మంచిదే. అప్పటిదాకా వేడి టీతోని జర పైలం. కాలినా తెల్వదు మీకు."

ఆవిడ కళ్ళలో నీళ్ళు లేవు కానీ ముఖం వాడిపోయి ఉంది. ఇలా కావచ్చని ఆవిడ చెప్పింది, నేను విన్నాను, ఒప్పుకున్నాను. నాకు దుఃఖం ఉంది కానీ మోసపోయానన్న మంట లేదు. ఆ రెండూ వేరువేరని నాకు అప్పుడే అర్థమైంది.

ఆ రోజుల్లో అన్నం మెతుకు గడ్డానికి అంటుకున్నా తెలిసేది కాదు. మా ఆయన తన గడ్డం తడుముకుని చూపిస్తే నేను తుడుచుకునేదాన్ని. ఒకసారి తింటూ పెదవి కొరుక్కున్నాను. రక్తం చూసి ఆయన కంగారుపడ్డాక గానీ నాకు తెలియలేదు.

కుట్లు తీసి, నోరు మామూలుగా తెరుచుకోవడం మొదలయ్యాక డబ్బింగ్‌కు వెళ్ళాను. మొదటి డైలాగు: "మీరు మాట్లాడకండి బాబాయ్, మీకేం పట్టింది?" పెదవులు కలవని మాటే లేదు అందులో. పలికాను. నాకు మాత్రం పెదవి కలిసినట్టే అనిపించలేదు. నేనే ఆపేశాను. మళ్ళీ మొదలుపెట్టి మళ్ళీ ఆపాను. అలా చాలాసార్లు అయ్యాక పెద్దాయన అడిగారు.

"ఎందుకమ్మా ఆపేస్తున్నావు? సింక్ బ్రహ్మాండంగా ఉంది."

"లేదండీ, మకారం పోతోంది."

"ఎక్కడ పోయింది? వచ్చి విను."

అద్దం అవతలి గదిలోకి వెళ్ళి ఆయన పక్కన కూర్చుని విన్నాను. మకారాలన్నీ ఉన్నాయి. పకారమూ బకారమూ ఉన్నాయి. తెర మీది అమ్మాయి పెదవులు మూసుకున్నచోటల్లా నా పెదవులూ మూసుకున్నాయి. నాకు తెలియలేదు, అంతే. డాక్టరమ్మ ఆపరేషన్‌కు ముందే చెప్పినది అదే, కదులుతుంది కానీ తెలియదని. తెర మీద నరం చూపించి చెప్పినా అది నా చెవికి ఎక్కలేదు.

ఇన్నేళ్ళూ నేను నోటితోనే మాట్లాడుతున్నాననుకున్నాను. అప్పట్నుంచి చెవితో మాట్లాడటం నేర్చుకోవలసి వచ్చింది. పెదవి అబద్ధం చెబుతున్నా పట్టించుకోకుండా హెడ్‌ఫోన్స్‌లో వినిపించేదాన్నే నమ్మేదాన్ని. పని నెమ్మదిగా సాగింది. పెద్దాయన విసుక్కోలేదు. ఏడుపు సన్నివేశాన్ని చివరి రోజులకు ఉంచారు. అది చేసిన రోజు ఆయన ఏమీ అనకుండా తర్వాతి సన్నివేశం పెట్టారు. ఆయన దగ్గర అంతకు మించిన మెప్పు ఉండదు.

సినిమా విడుదలైపోయింది. ఆ తర్వాత చాలా రోజులకు, జూబ్లీహిల్స్ చెక్‌పోస్ట్ దగ్గర సిగ్నల్ పడి ఆటో ఆగినప్పుడు, గడ్డం మీద ఏదో పాకినట్టయింది. చేత్తో దులిపాను. పోలేదు. మళ్ళీ పాకింది. దులిపితే పోయేది కాదని అర్థమయ్యాక నాకు ఏడుపు వచ్చింది. ఆటో అతను అద్దంలో చూసి "ఏమైందమ్మా, తబియత్ మంచిగ లేదా?" అన్నాడు. "బాగానే ఉందయ్యా, చాలా బాగుంది" అన్నాను. అతనికి ఏం అర్థమైందో తెలియదు. అటునుంచి అటే క్లినిక్‌కు పొమ్మన్నాను. డాక్టరమ్మ పాత ఫోటో తీసి, మళ్ళీ దూదిపోగుతో తాకి చూశారు. ఈసారి తెలియని చోటు చిన్నదై, గీత లోపలికి జరిగింది. ఆవిడ నా చెయ్యి పట్టుకున్నారు. వదలడం కాసేపు మరిచిపోయారు.

ఆ తర్వాత మెల్లమెల్లగా అంతా వచ్చింది, పెదవి అంచు కింద రూపాయి బిళ్ళంత చోటు తప్ప. అక్కడ ఇప్పటికీ బట్ట మీదుగా తాకినట్టే ఉంటుంది. చలికాలంలో ఇంకొంచెం ఎక్కువ. దాన్ని అలవాటు చేసుకున్నాను.

మొన్నామధ్య మా ఆయనకు పన్ను తీయాల్సి వచ్చింది. ఆయనకు గుండెకోసం రక్తం పలచబడే మాత్ర ఉంది. క్లినిక్‌కు బయలుదేరుతుంటే మందుల డబ్బాలో ఆ మాత్రలు ఎక్కువగా మిగిలి కనిపించాయి.

"ఇవి వేసుకోవడం లేదా ఏంటి?"

"పన్ను తీస్తే రక్తం ఆగదంట కదా. నేనే బంద్ జేసిన" అన్నారు, ఏదో తెలివైన పని చేసినట్టు.

క్లినిక్‌లో ఆ మాట ఆయన చేతే చెప్పించాను. డాక్టరమ్మ పన్ను జోలికే వెళ్ళలేదు. ముందు ఆయన గుండె డాక్టరుతో ఫోన్‌లో మాట్లాడారు.

"ఎవర్నడిగి బంద్ జేసిన్రు సార్? పంటి రక్తం నేను ఆపగలుగుత. గుండెల రక్తం గడ్డకట్టి అడ్డం పడితే నేనేం చేస్త?" అన్నారు. మాత్ర మళ్ళీ మొదలుపెట్టించి, తర్వాతి వారం రమ్మన్నారు. ఆ వారం మాత్ర వేసుకుంటుండగానే పన్ను తీశారు, ఒక కుట్టు ఎక్కువ వేసి. రక్తం ఆగింది. దూదిగుడ్డ కొరికి పట్టుకుని ఆయన దారంతా ఆటోలోంచి బయటికి చూస్తూ కూర్చున్నారు. ఇంటికి వచ్చి అది తీసేశాక అడిగిన మొదటి మాట, టీ ఎప్పుడు తాగొచ్చని.

"రేపు, గోరువెచ్చగా" అన్నాను.