చంకలో బిడ్డ, భుజాన కెమెరా

నస్రీన్ మొదట కెమెరా పట్టింది రాయచోటిలో, వాళ్ల అబ్బా ఖుద్దూస్ స్టూడియోలో. బస్టాండుకు దగ్గర్లో, మేడమెట్ల కింద ఇరుకు గది అది. ఆ ఊళ్లో కువైట్‌తో సంబంధం లేని ఇల్లు తక్కువ. స్టూడియోకి వచ్చేవాళ్లలో సగంమంది పాస్‌పోర్టు ఫొటో కోసమే వచ్చేవాళ్లు. ఆడవాళ్లు పరాయి మగాడి ముందు ముసుగు తీయడానికి జంకితే, ఖుద్దూస్ కూతుర్ని పిలిచి కెమెరా చేతికిచ్చి తను వీధిలోకి వెళ్లి నిలబడేవాడు. నస్రీన్ అప్పటికి హైస్కూలు పిల్ల.

"ముఖం కాదు మే, గొంతు చూడు" అనేవాడు. "ఊపిరి బిగబట్టినారంటే గొంతు కాడ తెలుస్తాది. వదిలినాక నొక్కు."

అట్లా చూసి చూసి ఆమెకు ఎదుటిమనిషి గొంతు చూడటం అలవాటైపోయింది. పెళ్లిచూపుల్లో కూడా బాసిత్ గొంతే చూసింది. పాపం అతను చాలాసేపు ఊపిరి బిగబట్టుకునే ఉన్నాడు.

అబ్దుల్ బాసిత్ కడప అబ్బాయి. కువైట్‌లోని షుఐబాలో ఒక ప్లాంటులో సేఫ్టీ సూపర్‌వైజరు. పెళ్లయ్యాక నస్రీన్ అతనితోపాటు కువైట్ వచ్చి మంగాఫ్‌లో చిన్న ఫ్లాట్‌లో కాపురం పెట్టింది. ఒక్కతే ఇంట్లో కూర్చోలేక పని వెతుక్కుంది. సాల్మియాలో నాదియా అనే ఈజిప్టు ఆవిడకు ఫొటో స్టూడియో ఉంది. అందులో కుదిరింది.

ఆ స్టూడియోలో ముందు గది అందరికీ, వెనక తలుపేసిన గది ఆడవాళ్లకి. కువైటీ ఇళ్ల ఆడవాళ్లు అక్కడ ఒళ్లంతా కప్పే అబాయాలు తీసి, జుట్టు విరబోసుకుని, తల్లీ కూతుళ్లూ అక్కాచెల్లెళ్లూ వరసగా కూర్చుని కుటుంబం ఫొటో తీయించుకుంటారు. ఆ ఫొటోలు పడగ్గది గోడ దాటి బయటికి రావు. తీసేది ఆడమనిషే కావాలి, ఆ మనిషి మీద నమ్మకం కుదరాలి. కొందరు మెమరీ కార్డు కూడా తామే తెచ్చుకుని, పనయ్యాక తామే తీసుకుపోతారు. నస్రీన్ మీద నమ్మకం తొందరగానే కుదిరింది. మాట తక్కువ మనిషి. ఇళ్లకు పిలిస్తే కూడా నాదియా ఆమెనే పంపేది.

కూతురు సుమయ్యా పుట్టాక పని మారలేదుగానీ పని చేసే ఒళ్లు మారింది. పురిటి సెలవు అయిపోగానే నస్రీన్ పసిదాన్ని ఎదురు ఫ్లాట్‌లో ఉండే గౌసియా బీకి అప్పజెప్పి స్టూడియోకి వెళ్లేది. అక్కడ ఎవరి బిడ్డో కెమెరా ముందు ఏడిస్తే ఆమెకు పాలు చేపుకొచ్చేవి. లోపలి గుడ్డలు తడిసిపోయేవి. నల్ల అబాయా వేసుకుని ఉంటుంది కాబట్టి ఎవరికీ తెలిసేది కాదు. ఆ ఏడ్చే బిడ్డ తల్లిని చూసి, "ముందు పాలివ్వండి, ఫొటోకి తొందరేం లేదు" అనేది. బయట వరసలో కూర్చున్నవాళ్లు గొణిగేవాళ్లు. నాదియా గడియారం చూసేది.

ఒకరోజు పొద్దున గౌసియా బీకి జ్వరం తగులుకుంది. బాసిత్‌కి సెలవు దొరకదు. ప్లాంటు మరమ్మతుకు ఆపారు, సేఫ్టీ వాళ్లు కదలడానికి లేదు. నస్రీన్ నాదియాకి ఫోన్ చేసి ఇంకోరోజు పెట్టుకుందామా అని అడగబోయింది. ఆవిడ మాట సాంతం వినలేదు.

"ఉమ్ ఫహద్ ఇంట్లో ఫొటో ఇవాళే తీయాలి. రేపు ఆవిడని వైద్యానికి లండన్ తీసుకెళ్తున్నారు. యల్లా, కారు బయల్దేరింది" అని పెట్టేసింది.

 నస్రీన్ ఒక సంచీలో లెన్సులు, ఇంకో సంచీలో పాప గుడ్డలు సర్దుకుని, సుమయ్యాని చంకనేసుకుని కారెక్కింది. నాదియాకి చెప్పలేదు. చెబితే ఏమంటుందో తెలుసు.

పెద్ద ఇల్లు. తలుపు తీసింది మౌలాబీ. కడప దగ్గరి పల్లెటూరి మనిషి, ఆ ఇంట్లో ఏళ్లతరబడి పనిచేస్తోంది. నస్రీన్ ముఖం చూసీ చూడగానే మనూరి మనిషని పోల్చుకుంది.

"ఏందమ్మీ, బిడ్డనెత్తుకోని వచ్చినావు?"

"చూసుకునేవాళ్లు ల్యాక, ఖాలా. ఏమన్నా అంటారా?"

"అనేదానికి ఈ పొద్దు ఎవురికీ నోరు ల్యాకుండా ఉండారు" అంది మౌలాబీ గొంతు తగ్గించి. "పెద్ద మామాకి, అదే ఇంటి పెద్దామెకి, కేన్సరంట. ఫొటో అనేసరికి గది తలుపేసుకునింది. పొద్దున్నుంచి ఎవురితోనూ మాట్లాడ్లా."

హాల్లో నలుగురు కూతుళ్లు తయారై ఉన్నారు. ఇంట్లో మగవాళ్లు లేకుండా చూసుకున్నారు. సెలూను నుంచి మనిషిని పిలిపించి జుట్లు దిద్దించుకున్నారు. మధ్యలో బంగారు చేతుల కుర్చీ, దానికి అటూ ఇటూ తెల్లపూల గుత్తులు. పెద్దకూతురు నూరా చంటిదాన్ని చూసి నొసలు చిట్లించింది.

"మేము ఫొటోగ్రాఫర్‌ని పిలిచాం" అంది ఇంగ్లీషులో.

"నేనేనండీ. పాపకి ఒంట్లో బాగానే ఉంది, ఇబ్బంది పెట్టదు" అంది నస్రీన్.

ఆ మాట నోట్లో ఉండగానే సుమయ్యా గుక్కపట్టింది. హాలు మారుమోగిపోయింది. నలుగురూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. అప్పుడు లోపలి గది తలుపు తెరుచుకుంది. ముసలావిడ గొంతు అరబీలో ఏదో అంది.

"ఆ పసిదాన్ని ఇటు తెమ్మంటాంది" అంది మౌలాబీ.

ఉమ్ ఫహద్ మంచం అంచున కూర్చుని ఉంది. తలకు నల్లగుడ్డ బిగించి కట్టుకుంది. నస్రీన్‌కి తివాసీ చూపించి, "కూర్చో, పాలివ్వు" అంది హిందీలో. ఆ హిందీ విని నస్రీన్ తలెత్తింది. ఆవిడ చిన్నతనం బొంబాయిలో గడిచిందట. నాన్న ఖర్జూరం వ్యాపారి, అక్కడ ఒక ఇల్లు ఉండేదట. సగం అరబీ కలిసిన పాత హిందీ. నస్రీన్‌కి బాగానే అర్థమైంది.

పాప పాలు తాగుతూ సద్దుమణిగింది. ముసలావిడ దాని పాదం వైపు చూస్తూ కూర్చుంది.

"నా ఫొటో ఎందుకో నీకు తెలుసా?" అని అడిగింది కొంతసేపటికి.

"తెలీదు మామా" అని, తెలిసి కూడా అలా అనడం బాగాలేదనిపించి, "మీరు దూరం వెళ్తున్నారని మీ బిడ్డలు భయపడుతున్నట్టున్నారు" అంది నస్రీన్.

తలుపు దగ్గర మౌలాబీ కదిలింది. అనకూడని మాట అనేశానా అని నస్రీన్‌కి ముఖం వేడెక్కింది. ఉమ్ ఫహద్ మాత్రం తల ఊపింది.

"నాకూ భయమే. వాళ్లకి చెప్పలేను, వాళ్లు నాకు చెప్పరు. కుర్చీ వేశారు, పూలు పెట్టారు. పోయినదాన్ని కూర్చోబెట్టడానికి వేసినట్టుంది. నేను అందులో కూర్చోను."

నస్రీన్ తనకు చేతనైనదే అడిగింది. "కుర్చీ తీసేయిస్తాను. మరి ఎక్కడ కూర్చుంటారు?"

ముసలావిడ మంచం పక్కన తివాసీ వైపు చూసింది.

"చిన్నప్పుడు వీళ్లు మీ దగ్గర ఎక్కడ కూర్చునేవాళ్లు?"

"ఇక్కడే, కింద. బడికి పోయేముందు జడలకి. నాకు ముందంటే నాకు ముందని జుట్లు పీక్కునేవాళ్లు. ఎదురింటికి వినిపించేది" అంది ఉమ్ ఫహద్. అంటుండగా ఆవిడ భుజాలు కిందికి దిగాయి. నస్రీన్ ఆవిడ గొంతు చూసింది. ఊపిరి ఆడుతోంది.

"పిలవనా?"

"పిలువు. దువ్వెన కూడా తెమ్మను."

నస్రీన్ లైట్లేవీ గదిలోకి తేలేదు. కిటికీ తెర సగం జరిపి, ఎండ మంచం మీద పడకుండా గోడమీద పడేట్టు చూసుకుంది. సుమయ్యాని మౌలాబీ చంకనెత్తుకుంది. కూతుళ్లు మొదట గదిలోకి వచ్చి బిగుసుకుని నిలబడ్డారు. తల్లి చిన్నకూతురు దానాని చెయ్యి పట్టి కింద కూర్చోబెట్టి జుట్టులో దువ్వెన పెట్టింది. సెలూను వాళ్లు కొట్టిన స్ప్రేకి జుట్టు గట్టిపడి ఉంది. దువ్వెన దిగలేదు. గట్టిగా లాగేసరికి దానా కేకపెట్టింది. రెండో ఆమె నవ్వింది. మూడో ఆమె ఏదో ఎత్తిపొడిచింది. అరబీలో నలుగురూ ఒక్కసారిగా మాట్లాడటం మొదలుపెట్టారు. నస్రీన్ గోడకి ఆనుకుని, ఎవరినీ ఇటు చూడమనకుండా తీసుకుంటూ పోయింది.

మధ్యలో ఉమ్ ఫహద్ దువ్వెన పక్కన పెట్టి, "ఉడుకుతోంది" అని తలగుడ్డ విప్పేసింది.

మందులకి జుట్టంతా రాలిపోయింది. చెవుల దగ్గర నాలుగు తెల్లవెంట్రుకలు మిగిలాయి. కూతుళ్లకి సంగతి తెలుసుగానీ ఆ తలని ఎవరూ చూడలేదు, ఆవిడ చూడనివ్వలేదు.  నూరా లేచి నిలబడి, ఎటు పోవాలో తెలియనట్టు ఒక అడుగు వేసి, తిరిగొచ్చి తల్లి ఒళ్లో తల పెట్టేసింది. నస్రీన్ కెమెరా దించింది. ఇది తీయొచ్చా అని ఆమెకు తెలియలేదు. ముసలావిడ పెద్దకూతురి వీపు మీద చెయ్యి వేసి నస్రీన్ వైపు చూసి, తియ్యి అన్నట్టు గడ్డం ఎత్తింది. నస్రీన్ తీసింది. 

పనయ్యాక ఉమ్ ఫహద్ కార్డు అడిగి తీసుకుంది. "నేను తిరిగొచ్చాక చూద్దాం. అప్పటిదాకా ఎవరూ చూడొద్దు."

"కుర్చీలో ఒక్కటైనా తీసుకుందాం అమ్మా" అంది నూరా.

"వచ్చాక."

నస్రీన్ సామాను సర్దుకుంటుంటే మౌలాబీ తన ఫోను చేతికిచ్చి, సుమయ్యాని ఎత్తుకుని ఒక ఫొటో తీయించుకుంది. ఊళ్లో కూతురికి పంపితే, అది ఎవరి బిడ్డమ్మా అని అప్పుడే తిరిగి అడిగిందట. "ఈ పొద్దుకి నాదే అని రాస్తా" అంది మౌలాబీ.

సాయంత్రానికి నాదియాకి అంతా తెలిసింది. నూరా ఫోన్ చేసిందో, డ్రైవర్ చెప్పాడో.

"బిడ్డను తీసుకుని క్లయింట్ ఇంటికి వెళ్లావు. నాకు చెప్పలేదు. అడిగిన ఫొటో తీయలేదు. తీసినవి కూడా చేతిలో లేవు" అంది నాదియా. అరిస్తే బాగుండుననిపించింది నస్రీన్‌కి. ఆవిడ అరవలేదు. "ఇళ్లకి వెళ్లడం ఖలాస్. కంప్యూటర్ దగ్గర కూర్చో."

ఇంటికొచ్చి బాసిత్‌తో చెప్పింది. అతను బూట్లు విప్పుతూ విన్నాడు.

"చెప్పకుండా పోయింది తప్పే గదా" అన్నాడు.

"తప్పే. చెప్పుంటే పోనిచ్చేది కాదు."

"అదీ నిజమే." పాపని ఒళ్లో వేసుకుని కాసేపు ఊపాడు. "ఫొటోలు బాగొచ్చినాయా?"

"చూడలా. చూస్తానో లేదో కూడా తెలీదు."

అప్పట్నుంచి నస్రీన్ ఇంకెవరో తీసిన ఫొటోల్లో మొటిమలు చెరుపుతూ, నలిగిన బట్టల ముడతలు సరిచేస్తూ కూర్చుంది. గౌసియా బీ కోలుకుంది. సుమయ్యాకి పళ్లొచ్చాయి. మౌలాబీ అప్పుడప్పుడు ఫోన్ చేసేది. ఆపరేషనయిందంట, ఇంకా అక్కడే ఉండారంట, అంతకుమించి కబురు ఉండేది కాదు. నస్రీన్‌కి రాత్రిళ్లు ఆ ఫొటోలు గుర్తొచ్చేవి. ఫోకస్ ముఖం మీద పడిందా, చెయ్యి మీద పడిందా అని ఆలోచించేది. మరిచిపోదామనుకున్నా ఆ చిన్న అనుమానం వదిలేది కాదు.

ఎండలు మొదలవుతుండగా నాదియా ఆమెని పిలిచింది.

"ఉమ్ ఫహద్ తిరిగొచ్చారు. నిన్నే పంపమంటున్నారు." ఆవిడ గడియారం వైపు చూసింది. "చంటిదాన్ని కూడా తీసుకురమ్మన్నారు."

ఈసారి కుర్చీ అదే, పూలు లేవు. ఉమ్ ఫహద్ తలగుడ్డ లేకుండా వచ్చి ఆ కుర్చీలో కూర్చుంది. రెండువేళ్ల పొడవున తెల్లజుట్టు మొలిచింది. మనిషి సగమైపోయింది. "ఇక ఇది నా బిడ్డల కోసం, వాళ్లు అడిగినట్టు తియ్యి" అంది. కూతుళ్లు చుట్టూ నిలబడ్డారు. నస్రీన్ లైట్లు పెట్టి, వరస సరిచేసి, స్టూడియోలో ఎలా తీస్తుందో అలాగే తీసింది. నూరా పాపని అడిగి తీసుకుంది. సుమయ్యా ఆమె ముత్యాలదండ నోట్లో పెట్టుకుంది. నూరా తీయలేదు.

తర్వాత అందరూ మంచం మీద కూర్చుని పాత కార్డు లాప్‌టాప్‌లో పెట్టి చూశారు. నస్రీన్ వెనక నిలబడి చూసింది. నూరా తల్లి ఒళ్లో తల పెట్టిన ఫొటోలో ఫోకస్ కాస్త తప్పింది. ముసలావిడ ముఖం మెత్తగా చెదిరి ఉంది, వీపు మీద ఉన్న చెయ్యి మాత్రం గీతలతో సహా స్పష్టంగా ఉంది.

"ఇది చెడిపోయింది. క్షమించండి" అంది నస్రీన్.

 నూరా ఆ ఫొటోనే నాలుగు కాపీలు ప్రింటు తీయించమంది.

ఆ తర్వాత నస్రీన్ మళ్లీ ఇళ్లకు వెళ్లడం మొదలైంది. నాదియా ఒక్క షరతు పెట్టింది, పాపని తీసుకెళ్తే ముందు తనకు చెప్పాలి. సుమయ్యా నడక నేర్చి ఒక ఇంట్లో లైటు స్టాండు పడేసేదాకా అలాగే సాగింది. అప్పట్నుంచి మళ్లీ గౌసియా బీ దగ్గరే. ఇళ్లవాళ్లు కొందరు ఇప్పటికీ, పాపేదని అడుగుతారు.

మొన్న ఒక కొత్త తల్లి ఫోన్ చేసింది. కవలపిల్లలు, మొదటి ఫొటో. ఏ బట్టలు వేయాలి, ఏ రంగు బాగుంటుంది అని అడుగుతోంది. నస్రీన్ సుమయ్యాకి అన్నం పెడుతూ, ఫోను భుజానికీ చెవికీ మధ్య నొక్కిపట్టి జవాబు చెప్పింది.

"బట్టల సంగతి తర్వాత చూద్దాం. మీరు పొద్దున్నే కడుపునిండా తినండి. నేనొచ్చాక పిల్లలకి పాలివ్వండి. అప్పుడు మొదలుపెడదాం."

సుమయ్యా నోట్లో ముద్ద ఉమ్మేసింది. నస్రీన్ దాన్ని తుడిచి ఇంకో ముద్ద కలిపింది.