బాబాయ్ డిగ్రీ మీద కోర్టు అనని మాట

దోహాకు కొత్తగా వచ్చిన రోజుల్లో న్యాయం కోసం నేను చేసిన మహాసంగ్రామం రాయాలంటే పద్దెనిమిది పర్వాలు పడతాయి. పడవు లెండి. మొత్తం కలిపి ఒక శుక్రవారం, ఒక ఫోన్ కాల్, మాడిపోయిన పప్పు. ఓల్డ్ ఎయిర్‌పోర్ట్ అనే పేటలో ఆరుగురు బ్యాచిలర్లం ఒక విల్లా పంచుకున్నాం (అందులో నలుగురికి పెళ్ళయింది, ఇక్కడ భార్య పక్కన లేకపోతే ఎవరైనా బ్యాచిలరే). అందరిలోకీ పెద్ద, అందరం బాబాయ్ అని పిలిచే కాకినాడాయన, సైట్ ఇంజినీరు. స్టడీ సెంటర్‌కు అనుమతి లేదంటూ యూనివర్సిటీ ఆయన బ్యాచ్ డిగ్రీలన్నీ రద్దు చేస్తే, అందరూ కలిసి కోర్టుకెళ్ళారు. పిన్నికీ పాపకీ ఫ్యామిలీ వీసా కోసం ఆయన కంపెనీలో డిగ్రీతో సహా కాగితాలిచ్చిన వారమే తీర్పు వచ్చింది. గురువారం పొద్దున ఒక తెలుగు చానెల్‌లో ఎర్రక్షరాలు: "ఆ డిగ్రీలు బోగస్: తేల్చేసిన కోర్టు". సాయంత్రం హెచ్చార్ నుంచి మెసేజ్: "మీ ఫైలు ఆగింది. ఆదివారం కలవండి." బాబాయ్ ఆ రాత్రి అన్నం ముట్టలేదు.

ఇక్కడ సెలవు శుక్రవారమే, ఆ రోజు నా వంట డ్యూటీ. పప్పు పొయ్యి మీద పడేసి, ఆయన లాయరు పంపిన తీర్పు కాపీ పేజీ పేజీ చదివాను. బోగస్ అన్న మాట ఉంది. అన్నది యూనివర్సిటీ వకీలు! జడ్జిగారు ఆ వాదన రాసుకుని, నోటీసివ్వకుండా డిగ్రీలు రద్దు చేయడం చెల్లదని ఆ రద్దునే కొట్టేశారు. ఓడినవాడి మాటను తీర్పుగా వేశారు ఆ చానెల్ మహానుభావులు. పెళ్ళి వద్దన్న మేనత్త మాటనే శుభలేఖ మీద అచ్చేసినట్టు! ఒళ్ళు మండి చానెల్‌కు ఫోన్ చేశాను.

"తీర్పులనే ఉంది గద తమ్మీ," అన్నాడు అక్కడి అన్న.

"ఉంటె? నా పాస్‌పోర్టుల మా నాయిన పేరుంది. గంతమాత్రాన నేను మా నాయిననైతనా?"

"సరే, సవరణ ఏస్తం తియ్."

వాళ్ళను నమ్మేదేమిటని, మన తెలుగువాళ్ళ వాట్సాప్ గ్రూపులో నేనే పెట్టాను: "బాబాయ్ డిగ్రీ అసలైనదేనని తేల్చిన కోర్టు!" మాడు వాసనకు బయటికొచ్చిన బాబాయ్ ఫోన్ చూసి, "ఒరేయ్, కోర్టు అలా కూడా అనలేదురా. నోటీసిచ్చి మళ్ళీ విచారించమంది, అంతే," అన్నాడు.

"మనకు మంచిదే గద బాబాయ్?"

"వాడు చివరి పేజీ చదవకుండా రాశాడు. నువ్వు చదివి కూడా ఇలా రాశావు. ఎవడు నయం?"

పోస్టు తీసేశాను. పప్పు పారేశాను. (సవరణ కోసం ఇప్పటికీ అప్పుడప్పుడు ఆ చానెల్ తెరిచి చూస్తుంటాను. ఆనాటి నా ఆవేశం గుర్తొచ్చి నవ్వొస్తుంది, కోపం మాత్రం పోలేదు.)

ఆదివారం తీర్పు కాపీ చంకలో పెట్టుకుని ఇద్దరం వెళ్ళాం. హెచ్చార్‌లో ఉన్న ఫిలిప్పీన్స్ అమ్మాయి మా ఉపన్యాసమంతా ఓపిగ్గా విని, "ఏ కోర్టు?" అంది. ఫైలు ఆగింది పాప ఫొటో వల్ల. వెనక గోడ తెల్లగా ఉండాలట, మనవాళ్ళు నీలం గోడ ముందు తీయించారు.